తలనొప్పి దిండు

ఆదివారం ఉదయం ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచింది పరుపుల మేస్త్రి కోపం.

"మళ్ళీ కొరికిందే! ఈ మూల చూడు. రెండు వరసల కుట్టు, మైనం పట్టించిన దారం. దీని పళ్ళూడిపోను!" అంటూ దిండు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. దిండు మూల చిరిగి, లోపలి దూది నాలుకలా బయటికి వేలాడుతోంది.

అతని భార్య టీ కలుపుతూ వెనక్కి తిరక్కుండానే అంది. "మీ కుట్టంటే ఆ ఎలుకకి మోజండీ. పక్కింట్లో కొన్న దిండ్లు బోలెడున్నాయి, ఒక్కటీ ముట్టుకోదు."

"నవ్వు, నవ్వు. బోను పెట్టాను, మందు పెట్టాను. అదేం ఎలుకో, తిండి వద్దంటుంది, దిండు కావాలంటుంది."

బల్ల దగ్గర కూర్చున్న కూతురు పకపకా నవ్వింది. ఆమె వేరే ఊళ్ళో గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికి ముందురోజు సాయంత్రమే వచ్చింది. చిన్నప్పుడు గలగలా వాగుతుండేదని తండ్రి ఆమెను పిచ్చుక అంటాడు. డిగ్రీ చేతికొచ్చినా, జీతం చేతికొచ్చినా ఆ పేరు మారలేదు.

టీ గ్లాసు అందుకుంటూ తల్లి ముఖం చూసింది పిచ్చుక. ఎడమ కన్ను ఎర్రగా ఉంది. ఆ ఒక్క రెప్పే సగానికి వాలిపోయి ఉంది.

"అమ్మా, కన్నేంటి అలా ఉంది?"

"ఉల్లిపాయలు కోశానులే."

గట్టు మీద ఒక్క ఉల్లి తొక్క కూడా లేదు. పిచ్చుక ఇంకేదో అడగబోయేలోగా తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దిండును ఒళ్ళో పెట్టుకుని, బయటికొచ్చిన దూదిని వేలితో లోపలికి నెడుతూ మాట్లాడాడు.

"పిచ్చుకా, నువ్వున్నప్పుడే చెప్పేస్తే మంచిది. ఇవాళ్టినించి నేను దుకాణం వెనక గదిలో పడుకుంటాను."

"అదేంటి నాన్నా?"

"మీ అమ్మకి నా పక్కన నిద్ర పట్టదు. ఏటా చలి మొదలైందంటే ఇదే వరస. పడుకుంటుంది, కాసేపటికే లేచి దిండు చంకన పెట్టుకుని హాల్లోకి పోతుంది. తలుపేసుకుంటుంది. తట్టానా, 'మీరు పడుకోండి' అంటుంది. ఒక నెలో, రెండు నెలలో అలా అలిగి, మళ్ళీ తనే వస్తుంది. నేనేం తప్పు చేశానో ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. ఈసారి ఎండలు ముదిరినా రాలేదు. వీధి వీధంతటికీ నిద్ర కుట్టిపెట్టేవాణ్ణి నేను. నా పెళ్ళానికి మాత్రం..."

పొయ్యి దగ్గర నిలబడిన భార్య వైపు చూశాడు. ఆమె "గురకండీ" అంది మెల్లిగా.

"గురకేలే. దుకాణంలో పరుపులకి చెవులుండవు" అని లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పిచ్చుక తల్లి దగ్గరికొచ్చింది. "నాన్న ఏడుపు ఆపుకుంటూ వెళ్ళాడు. చూశావా?"

"చూశాను."

"చూసి కూడా గురకంటావా? నేను పుట్టకముందునించీ ఉన్న గురక ఇప్పుడు అడ్డమొచ్చిందా? ఆయన నీకు ఏం తక్కువ చేశాడమ్మా? నీ గుండె మరీ ఇంత రాయైపోయిందేంటి?"

తల్లి కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

మేస్త్రి దుకాణం ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది. ముందు గదిలో పరుపులు, చివర్లో కుట్టుమిషను, పైన పెద్ద బోర్డు. దాని మీద 'మేస్త్రిగారి తలనొప్పి దిండు' అని ఉంటుంది. ఆ బోర్డుకో కథ ఉంది. పిచ్చుక పసిపిల్లగా ఉన్నప్పుడు తల్లికి పడుకుంటే తలనొప్పి వచ్చేది. తన భార్యకు తన దిండు మీద నొప్పి రావడం మేస్త్రికి తలవంపులైపోయింది. మెత్తగా ఒకటి, గట్టిగా ఒకటి, మెడ దగ్గర ఎత్తుగా ఒకటి కుట్టాడు. చివరికి మధ్యలో గుంట ఉన్న దిండు ఒకటి కుడితే నొప్పి పోయింది. ఆ సంగతి ఆనోటా ఈనోటా పాకింది. పక్క ఊళ్ళనుంచి కూడా మనుషులొచ్చారు. పిచ్చుక చదువు, ఇంటి పైకప్పు, అన్నీ ఆ గుంట దిండు పెట్టిన భిక్షే.

మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళు క్యారియర్ తీసుకుని దుకాణానికి వెళ్ళేసరికి కొత్తగా పెళ్ళి కుదిరిన జంట ఒకటి పరుపులు నొక్కి చూస్తోంది. పొద్దుటి దిగులు ఎంతున్నా, బేరం కనబడితే మేస్త్రి గొంతులోకి తేనె వచ్చేస్తుంది.

"నా మాట నమ్మకండి బాబూ, అమ్మేవాడెప్పుడూ బాగుందనే అంటాడు. ఇదిగో సాక్ష్యం వచ్చింది. మా ఆవిడ. తలనొప్పితో గిలగిల్లాడిన మనిషి. ఏమే, ఒకసారి పడుకుని చూపించు."

అది ఆ దుకాణంలో ఎప్పుడూ ఉన్న అలవాటే. ఆమె వచ్చి పరుపు మీద వాలి, గుంట దిండు మీద తల పెట్టి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని లేచేది. చూసినవాళ్ళు కొనేవాళ్ళు. ఆ రోజూ అలాగే వాలింది. కానీ ఎన్ని రాత్రుల నిద్ర బాకీ ఉందో, మూసిన కళ్ళు మళ్ళీ తెరవలేదు.

"నిజంగానే పడుకున్నారే!" అంది పెళ్ళికూతురు.

"అదీ మన సరుకు!" మేస్త్రి పొంగిపోయాడు. "లేపకండి. డబుల్ కాట్ కొలత చెప్పండి, గలీబుల బట్ట చూద్దాం."

రంగులు తేలక పెళ్ళికొడుకు తల్లికి ఫోన్ చేశాడు. పెళ్ళికూతురు తన తల్లికి చేసింది. రెండువైపులా ఒప్పందం కుదిరేసరికి చాలాసేపే పట్టింది. మేస్త్రి బట్ట మీద కత్తెర పెట్టబోతుండగా వెనక నుంచి ఒక మూలుగు వినబడింది. మనిషి మూలుగులా లేదు.

ఆమె లేచి నిలబడింది. ఎడమ కన్ను అరచేత్తో అదిమిపట్టుకుని పరుపుల మధ్య ఆ చివరికీ ఈ చివరికీ తిరగసాగింది. ఆ ఒక్క కన్నే ధారగా కారుతోంది. గోడ దగ్గరికి వెళ్ళి నుదురు కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుంది.

"ఏంటే ఇది? బేరం ముందు!" అనేశాడు మేస్త్రి.

ఆమెకు వినబడలేదు. గుంట దిండు లాక్కుని, దాని మూల నోట్లో కుక్కుకుని, అరుపు బయటికి రాకుండా పళ్ళు బిగించింది. రెండు వరసల కుట్టు పటపటమని తెగింది.

మేస్త్రి చేతిలో కత్తెర కిందపడింది.

"నాన్నా..." అంది పిచ్చుక. "ఎలుక."

జంట ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు. పిచ్చుక షట్టర్ దించింది. పట్టుకోబోతే తల్లి తోసేసింది. పడుకోబెట్టబోతే ఇంకా భయపడింది. నడిచి నడిచి, చెమటతో తడిసిపోయి, ఎవరో దారం తెంపినట్టు ఒక్కసారిగా ఆగిపోయింది. షట్టర్‌కి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది.

"పోయింది" అంది. "ఇక ఇప్పటికి రాదు."

"ఎప్పటినించి?" అడిగాడు మేస్త్రి.

"పిచ్చుక నడక నేర్చుకుంటున్నప్పటినించి."

"అది పోయింది కదే! గుంట దిండుతో పోయింది కదా!"

"ఏటా పోతుందండీ. వచ్చినన్నాళ్ళు వచ్చి, దానంతటదే పోతుంది. ఆ ఏడు పోయే వేళకి నా తల కింద మీ గుంట దిండుంది. అంతే."

"మరి చెప్పొద్దూ? నోరు లేదా నీకు?"

"చెప్పాను. మొదటి ఏడు చెప్పాను. మీరు దిండు కుట్టారు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "తగ్గలేదంటే ఇంకోటి కుట్టారు. అన్నం తినడం మానేసి కుట్టారు. ఆ నొప్పి పోయిన రోజు మీ ముఖం మీరు చూసుకోలేదు, నేను చూశాను. మళ్ళీ ఏడు నొప్పి తిరిగొచ్చేసరికి ఈ బోర్డు కట్టేశారు. ఆ బోర్డు మీద పిల్ల ఫీజుంది. తలనొప్పి దిండు మేస్త్రి పెళ్ళానికే తలనొప్పని నేనే చాటింపు వెయ్యనా?"

"అందుకని నా పక్కనించి లేచిపోయావా? నేనంటే అసహ్యం అనుకున్నానే. ఇన్నేళ్ళూ అదే అనుకుని పడుకున్నాను."

ఆమె తలెత్తింది. ఆ మాట ఆమెను నొప్పికంటే ఎక్కువ కొట్టినట్టుంది.

"మీరంటే కాదండీ. నిద్రంటే భయం. కన్ను మూశానంటే అది వస్తుంది. పడుకోకపోతే ఒంట్లో సత్తువుండదు, పడుకుంటే ప్రాణం పోతుంది. మీ పక్కన అరిస్తే మీరు లేచి దీపం వేసి మళ్ళీ సూది పట్టుకుంటారని హాల్లోకి పోయేదాన్ని. గోడకి తల కొట్టుకునేప్పుడు చప్పుడు రాకుండా దిండు అడ్డం పెట్టుకునేదాన్ని."

పొద్దున తల్లితో అన్న మాట పిచ్చుకకు గుర్తొచ్చింది. వెళ్ళి తల్లి ఒళ్ళో ముఖం దాచుకుంది. "రాయి నేనమ్మా" అంది. తల్లి ఆమె జుట్టు సవరించింది.

మర్నాడు ముగ్గురూ నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఎన్నో ప్రశ్నలడిగింది. ఒకే పక్కనా? ఆ కన్ను కారుతుందా? నొప్పి వస్తే పడుకోలేక తిరుగుతారా? రోజూ ఇంచుమించు ఒకే వేళకా? అన్నిటికీ తల్లి తల ఊపింది. తనను ఇంత తెలిసినట్టు అడిగినవాళ్ళు ఆమెకు ఇంతవరకు దొరకలేదు.

"దీన్ని క్లస్టర్ తలనొప్పి అంటారమ్మా" అంది డాక్టరమ్మ. "మెదడు లోపల మన నిద్రకీ మెలకువకీ వేళలు చూసే గడియారం లాంటి చోటు ఒకటుంది. ఈ జబ్బులో అది గాడి తప్పుతుందని మా అంచనా. అందుకే ఏడాదిలో ఒక రుతువులో, రోజులో ఒక వేళకి వస్తుంది. నిద్రపట్టిన కాసేపటికి, చాలామందిలో కలలొచ్చే దశకి దగ్గర్లో, నొప్పి మనిషిని లేపేస్తుంది. ఎందుకన్నది పూర్తిగా మాకూ తెలీదు. కానీ మొదలవగానే మాస్కుతో ఆక్సిజన్ పీలిస్తే చాలామందికి తగ్గుతుంది. రాకుండా ఆపడానికీ మందులున్నాయి."

మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. "అమ్మా... దిండు?"

"దిండుకీ దీనికీ సంబంధం లేదండీ."

"మరి ముందే తీసుకొస్తే?"

డాక్టరమ్మ రాస్తున్న కలం కింద పెట్టింది. "ఇన్నేళ్ళు ఇంత పడాల్సిన పని ఉండేది కాదు" అంది.

ఆ సాయంత్రం మేస్త్రి నిచ్చెనేసుకుని బోర్డు దించాడు. ఇంటికొచ్చి అటక మీది పాత దిండ్లన్నీ కిందికి దింపాడు. ప్రతి దిండుకీ ఒక మూల తన చేత్తోనే వేసిన అతుకుంది. ఎలుకని తిట్టుకుంటూ వేసిన అతుకు. ఒక్కొక్కదాన్నీ వేలితో తడుముతూ, "ఇది ఏ ఏటిదే? ఇది?" అని అడుగుతూ ఉండిపోయాడు. చివరికి అడగడం మాని, దిండ్ల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"బాగా కుట్టారండీ" అంది. "మీ కుట్టు గట్టిది కాబట్టే నా అరుపు ఆగింది."

ఆ మాటకు అతను మరింత ఏడ్చాడు.

రాత్రి మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు, దాని మాస్కు సిద్ధంగా ఉన్నాయి. ఆమె మంచం అంచున కూర్చుంది, పడుకోలేదు.

"పడుకోవే. నేను మేలుకునుంటాను."

"మీరా? తల వాల్చక ముందే గురక పెట్టే మనిషి."

"పెట్టను."

"వస్తే ఏం చేస్తారు?"

"మాస్కు పెడతాను."

"దానికీ తగ్గకపోతే?"

ఒకప్పుడైతే ఇంకో దిండు కుడతాననేవాడు. ఇప్పుడు అతని చేతుల్లో ఏమీ లేదు.

"తగ్గేదాకా నీతోపాటు తిరుగుతాను. ఆ గోడనించి ఈ గోడకి. తలుపు మాత్రం వేసుకోకు" అన్నాడు.

ఆమె చాలాసేపు అతన్నే చూసి, మెల్లిగా పక్కకి వాలింది. భయంభయంగా కళ్ళు మూసుకుంది. నిద్రలోకి జారుతూ జారుతూ అతని చొక్కా అంచును పిడికిట్లో పట్టుకుంది. తెల్లారి అది చిరిగి ఉన్నా, ఇక అతను ఏ ఎలుకనీ తిట్టడు.