పాలకుండలో ఎలక్ట్రోడ్

"మద్రాసు తాగే పూండి రిజర్వాయర్ నీళ్లలో విషం కలిపామని శత్రువులు కబురంపారు. నిజమో బెదిరింపో తెలీదు."

చీఫ్ దొరస్వామి ఏజెంట్ శివప్రకాశం ముందు పూండి మ్యాపు పరిచాడు.

"గేట్లు తెరిస్తే మద్రాసు చావొచ్చు. మూస్తే ఆస్పత్రుల్లో కూడా చుక్క నీరుండదు. తేల్చేది తిరువళ్లూరు ల్యాబ్‌లోని ఎలక్ట్రోడ్ ఒక్కటే. పెన్సిల్ ముల్లంత కార్బన్ పుల్ల, దాని మీద ఎంజైమ్ పూత. మంచినీళ్లలో ముంచితే కరెంటు పుడుతుంది, విషం తగిలితే పడిపోతుంది. పొద్దున దాన్ని ఎత్తుకెళ్లారు."

"ఇంకోటి?"

"ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పూత సరిగ్గా పట్టింది దానికొక్కదానికే. అదెప్పుడూ తడిగా ఉండాలి. ఆరిందా, పూత చచ్చినట్టే!"

శివప్రకాశం భార్య నిన్ననే మద్రాసులో ప్రసవించింది. పసిగుడ్డుకు నోరు తడిపేదీ ఆ నీళ్లే.

ట్రాన్సిస్టర్‌లో సందేశం వచ్చింది: 'నెమలి రేణిగుంట బండెక్కింది.' నెమలి అంటే ఎలక్ట్రోడ్. పంపింది వనజాక్షి, శత్రువుల ముఠాలో మన మనిషి. శివప్రకాశం తిరుత్తణిలో బండి ఆపించి పెట్టె పెట్టే గాలించాడు. ఏమీ లేదు. కబురు అబద్ధమని, వనజాక్షి అటూ ఇటూ రెండు వైపులా తింటోందని అప్పుడర్థమైంది.

ఖర్మ! ఆ రోజు ఆడికృత్తిక, తిరుత్తణి కొండ మీద మురుగన్ పండగ. దొంగలు ఆ జనంలోనే కలిసిపోయి ఉంటారని తనూ మెట్లెక్కాడు. కొండ నిండా గుండ్లే, పసుపు బట్టలే. ఎవరినని పట్టుకోవడం? ఏడుపొచ్చింది.

"అదేందమ్మే! స్వామి పాల్‌కుడం నేలమీద పెట్టినావే! యాడన్నా ఉందా ఇది?"

నెత్తిన పాలకుండతో మునెమ్మ అనే ముసలామె ఎవరినో కడిగేస్తోంది. శివప్రకాశం తిరిగి చూశాడు. గుండు, పసుపు చీర, గంధం. వనజాక్షి! అందరినీ పడగొట్టిన ఆ జుట్టే లేదు.

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ తుపాకీలా పేలింది. భుజం చీరుకున్నా అతను ఆగలేదు. ఆమె కుండను తన్నేసింది. పాలు మెట్ల మీద పారాయి, కార్బన్ పుల్ల కాలే రాతి మీద పడింది. జనం వనజాక్షిని ఒడిసి పట్టుకున్నారు.

శివప్రకాశం పుల్లను ఏరుకుని మునెమ్మ దగ్గరికి ఉరికాడు. "అవ్వా, ఆరిపోయేలోపు దీన్ని నీ పాలల్లో ఎయ్యనీ!"

"మనవడి మొక్కు నాయనా ఇది!"

"పూండి నీళ్లల్లో విషం కలిపినారంట. తేల్చేది ఇదొకటే."

మునెమ్మ ఆ పుల్ల వైపు చూసింది. "మా ఊరూ పూండే కదయ్యా." నెత్తి మీది కుండ దించి తానే మెట్టు మీద పెట్టింది.

సాయంత్రం పూండి గట్టు మీద ఎలక్ట్రోడ్‌ను నీళ్లలో ముంచగానే మీటరు ముల్లు లేచి అలాగే నిలబడింది. నీళ్లు మంచివే. గేట్లు తెరుచుకున్నాయి. శివప్రకాశం అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు ఆఫీసులో దొరస్వామి అతని నున్నటి గుండు చూసి అడిగాడు.

"కొత్త మారువేషమా?"

"కాదు సార్. మొక్కు చెడగొట్టినందుకు మునెమ్మవ్వ వేసిన శిక్ష."