నీళ్ళెంట రా బిడ్డా

మీ ఇంటి మీది ట్యాంకు నిండిందని మీకెట్లా తెలుస్తుంది? నిజం చెప్పండి. పైనుంచి నీళ్ళు దబదబా గోడ మీద పడితేనే కదా?

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ దిక్కు పోయే ఒక గల్లీలో ఉన్న ఆ లాడ్జిలోనూ అంతే. అక్కడ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన పూట మేనేజరు ప్రహ్లాద్ మోటారు వేసి, కౌంటర్ వెనక కాళ్ళు చాపుకొని ఫోన్ చూస్తూ కూర్చుంటాడు. నీళ్ళు పొర్లి, గల్లీ తడిసి, గల్లీవాళ్ళు, ఆదివారమైతే మలుపులో పాత పుస్తకాలు పరుచుకొని అమ్మేవాళ్ళు తిట్లు మొదలుపెట్టాక తీరిగ్గా లేచి స్విచ్ కట్టేస్తాడు. నిండగానే మోటారు ఆగేట్టు ట్యాంకుకు ఫ్లోట్ పెట్టించరాదా అని ఎవరన్నా అడిగితే, "గీ తిట్లే మా ఫ్లోట్" అని నవ్వుతాడు.

ఆ నవ్వు చూస్తే పూలమ్మ మొఖం తిప్పుకొని చీపురందుకుంటుంది.

పూలమ్మ ఆ లాడ్జిలో రెండేళ్ళుగా గదులు కడుగుతోంది. అంతకుముందు ఆమెకొక ఊరుండేది. పెద్ద ప్రాజెక్టు కట్టారు, ఊరు మునిగింది. మునిగే ముందు చాలామంది తమ వాళ్ళ బొందలు తవ్వి, ఎముకలు యూరియా సంచుల్లో ఎత్తుకున్నారు. పూలమ్మ చేతికీ గడ్డపార ఇచ్చారు. కానీ ఆమె బిడ్డ లచ్చిమి మట్టిలోకి పోయి మూడు నెలలే. మూడేళ్ళ పిల్ల. మూడు నెలల మట్టి కింద ఏముంటుందో తెలిసీ ఏ తల్లి గడ్డపార వేస్తుంది? బొంద మీద చెయ్యి పెట్టి ఒక మాట చెప్పింది.

"బిడ్డా, నీళ్ళొస్తున్నయ్. భయపడకు. నీళ్ళు యాడికి పోతే నువ్వూ గాడికి రా. నేను గాడనే ఉంటా."

వాళ్ళ దిక్కు ఇల్లు మారేటప్పుడు చచ్చిపోయిన వాళ్ళను అట్లా పిలుచుకుంటారు. అయితే కొత్త ఇంటి పేరు చెప్పి పిలవాలి. పూలమ్మకు అప్పటికి ఇల్లు లేదు. నీళ్ళ పేరు చెప్పింది. ఆమె వెనక, తవ్వలేక నిలబడిపోయిన వాళ్ళంతా ఆ మాట విన్నారు.

నీళ్ళు కట్ట వెనకనే ఉంటాయనుకుంది. ఉండలేదు. కట్ట కింద వాళ్ళకు కట్టించిన కాలనీలో నల్లా చుక్క రాలలేదు, ట్యాంకరే దిక్కు. నీళ్ళు మాత్రం మనిషి దూరేంత పైపుల్లో పట్నం వచ్చాయి. ఎందుకు? లాడ్జి మెట్లు కడగడానికి. కార్ల చక్రాలు మెరిపించడానికి. గోడ మీంచి మురుగు మోరీలో పడడానికి. ఇచ్చిన మాట కోసం పూలమ్మ కూడా నీళ్ళ వెంటే వచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం. ఇంకా వెలుతురుంది, కింద మోటారు నడుస్తోంది. పూలమ్మ రెండో అంతస్తు మూల గదిలో నల్లా తిప్పింది. నల్లా దగ్గింది. ముందు వాసన వచ్చింది... మోరీ వాసన కాదు. నానిన గడ్డి, నానిన తలుపు చెక్క, నానిన బట్ట కలిసి కుళ్ళిన వాసన. ఆ తర్వాత నీళ్ళు. గోరువెచ్చగా, చీము రంగులో. బకెట్‌లో వెంట్రుకల పోగొకటి మెల్లగా తిరిగింది. సన్నగా, మెత్తగా... పసిపిల్లల వెంట్రుకలు.

పూలమ్మ నల్లా కట్టేసింది. గోడ లోపల, మోటారు పైపులో, ఏదో పైకి పాకింది. చిన్న పట్టీల చప్పుడు.

ఘల్లు. ఆగింది... ఘల్లు.

పైన ట్యాంకు పొర్లింది.

కిటికీ అవతల నీళ్ళు పడుతున్నాయి. ఆ నీళ్ళ వెనక, తడి చేతులు గోడను తడుముతున్న చప్పుడు. పట్టు దొరకనట్టు... జారుతున్నట్టు.

పూలమ్మ కిందికి ఉరికింది.

"సార్, మోటార్ బంద్ చెయ్యున్రి."

"ఉండనియ్యి. ఇంకా ఎవ్వరు తిట్టలే కదా," అన్నాడు ప్రహ్లాద్, ఫోన్ నుంచి తలెత్తకుండా.

"గోడెంట జారుతున్నది, సార్."

"నీళ్ళన్నంక జారవా? ఏంది పూలమ్మా, మీ తాత తెచ్చిండా ఈ నీళ్ళు?"

"మా ఊరిచ్చింది," అని ఆమే చెయ్యి చాచి స్విచ్ కట్టేసింది.

మోటారు ఆగింది. నీళ్ళు ఆగలేదు.

గల్లీలో నీళ్ళు మోరీ మీది ఇనుప జాలీ వైపు పోతున్నాయి, గుట్కా పొట్లాలను, కుళ్ళిన మెతుకులను తోసుకుంటూ. ఆ జాలీ కిందిదంతా పోయి పోయి అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీలో పడుతుంది. మూసీ ఎట్లా కంపు కొడుతుందో మీకు తెలుసు. మనమే చేశాం.

జాలీ కింద నుంచి...

"అవ్వా."

వాళ్ళ ఊళ్ళో పిల్లలు తల్లిని అట్లనే పిలుస్తారు.

పూలమ్మ రోడ్డు మీద బోర్లా పడుకొని, జాలీ పక్కకు లాగి, గడ్డపార పట్టని ఆ చేతిని మోరీలో పెట్టింది. మోచేతి దాకా. భుజం దాకా. జిగట. పురుగులు. అయినా తియ్యలేదు.

ఐదు చిన్న వేళ్ళు ఆమె చూపుడు వేలును పట్టుకున్నాయి.

"పట్టుకో బిడ్డా... ఇడువకు."

పైనుంచి ఇంకో పొర్లు పడింది. మోరీ ఉబ్బింది. వేళ్ళు జారాయి. ఒకటి... రెండు... ఐదూ పోయాయి.

ప్రహ్లాద్ ముక్కు మూసుకొని గుమ్మంలో నిలబడ్డాడు. "ఛీ. లే. కస్టమర్లు చూస్తున్నరు." ఆ తర్వాత గోడ వైపు చూశాడు. "మోటార్ బంద్ చేసినవ్ కదా?"

లోపలికి పోయి ఫ్యూజు పీకాడు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. మిద్దె ఎక్కాడు. ట్యాంకు మూత తీసి ఉంది. లోపల అడుగు ఎండిపోయి, బీటలు వారిన చెరువు మట్టి. కిందికొచ్చినవాడు మళ్ళీ నవ్వలేదు.

గోడ మీద తడి చేతుల అచ్చులు. పైనుంచి మోరీ దాకా జారిన చేతులు. ఒక్క లచ్చిమివి కాదు. గాజుల గుర్తులు పడ్డవి, వేళ్ళు వంకర పోయిన ముసలివి. తవ్వలేని వాళ్ళంతా ఆ రోజు పూలమ్మ మాటే తమ వాళ్ళకు చెప్పుకున్నారు.

వారమైంది. ఎండకు గోడ ఆరింది. చేతులు ఆరలేదు. నిన్నటి నుంచి అవి మోరీ దగ్గర మొదలై పైకి పోతున్నాయి. అన్నింటికంటే చిన్న చెయ్యి రెండో అంతస్తు మూల గది కిటికీ దాకా వచ్చింది. పూలమ్మ ఆ కిటికీ రెక్క తీసే ఉంచుతోంది.

మీ మిద్దె మీదా ట్యాంకు ఉంది కదా. ఇది పక్కన పెట్టి లేవండి. పోయి మోటారు కట్టెయ్యండి. ఇప్పుడే... గోడ తడవకముందే.