గార్డుగారి ఇరవై నిమిషాలు

తెల్లారేసరికి ఓడ రేవులో ఆగి ఉంది. గదిలోని గుండ్రటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండ, కొండ నిండా ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఇళ్ళు. అమ్మ అప్పటికే తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని, ఆకుపచ్చ శాలువా భుజాన వేసుకుని మంచం చివర కూర్చుంది. కిందికి దిగనివ్వడానికి ఇంకా చాలా సేపుంది.

"ఆ పసుప్పచ్చ మేడేనా అక్కది?" అంది మళ్ళీ.

"పసుప్పచ్చవి బోలెడున్నాయమ్మా. కాస్త ఊపిరి పీల్చుకో" అంది కూతురు, జడపిన్ను పళ్ళ మధ్య పట్టుకుని. అన్నదే గానీ తను కూడా అప్పటికి సంచీ మూడుసార్లు సర్దింది.

నగరంలో బస్సులు ఏ దారిన తిరగాలో నిర్ణయించే ఆఫీసులో కూతురి ఉద్యోగం. అమ్మానాన్నల్ని ఓడెక్కించింది తనే. ఇన్ని ఓడలుండగా దీన్నే ఎంచుకున్నది ఈ రేవులో ఆగుతుందని. ఈ కొండ మీద పెద్దమ్మ ఉంటుంది. అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ముప్పై ఏళ్ళు దాటింది. పురుళ్ళూ, జబ్బులూ, చదువులూ, ఏదో ఒకటి అడ్డం పడుతూనే వచ్చింది. ఇప్పుడు పెద్దమ్మ మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగలేకపోతోంది. వీళ్ళే ఎక్కి వెళ్ళాలి, నాలుగింటికల్లా తిరిగొచ్చి ఓడెక్కాలి.

అమ్మ హుషారు, కూతురి ఏర్పాట్లు ఒకెత్తు. గార్డుగారు ఒక్కరూ ఒకెత్తు.

గార్డుగారంటే నాన్నే. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. ఆయన ఇంట్లో గడియారాలన్నీ ఇరవై నిమిషాలు ముందు నడుస్తాయి, అమ్మ చేతి గడియారంతో సహా. ఆలస్యం అనేది ఆ ఇంటి గడప తొక్కకూడదని పట్టుదల. ఇంట్లోవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మనసులో ఇరవై తీసేసుకుని హాయిగా బతికేస్తున్నారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆయన కలుపుతూనే ఉంటారు, వీళ్ళు తీసేస్తూనే ఉంటారు. అలా సాగిపోతోంది కాపురం.

"ఓడవాళ్ళే బస్సు పెట్టి ఊరు చూపిస్తున్నారుగా. అందులో వెళ్ళి రండి" అన్నారు ఆయన, కాఫీ కప్పు కింద పెట్టి.

"ఆ బస్సు పెద్దమ్మ ఇంటికి వెళ్ళదు నాన్నా. కోటా, బజారూ తిప్పి తీసుకొస్తుంది."

"వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీ అంతట మీరు తిరగడానికి వెళ్తే ఆగదు. మొదటిరోజే చెప్పారు, విన్నావా?"

"విన్నాను. అందుకే అన్నీ లెక్కేసుకున్నాను. వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు టాక్సీ. మూడింటికి బయల్దేరితే అరగంటలో రేవులో ఉంటాం. ఇంకో అరగంట చేతిలోనే ఉంటుంది. మీరు కూడా రండి నాన్నా, సరదాగా ఉంటుంది."

"నేను రాను. మీరిద్దరూ వెళ్ళొద్దు. ఓడ ఆగదు. ఆగకూడదు కూడా. ఒకరి కోసం వెయ్యిమందిని నిలబెడతారా?"

అమ్మ శాలువా కొస వేలికి చుట్టుకుంటూ ఆయన వైపు చూసింది.

"అవును, మీరు నిలబెట్టలేదుగా" అంది.

ఇంట్లో అందరికీ తెలిసిన కథే అది. అమ్మకి పెళ్ళైన కొత్త. అక్క దేశం విడిచి వెళ్ళేరోజు సాగనంపడానికి పరిగెత్తుకుంటూ స్టేషన్‌కి వస్తే, ఆ రైలుకి గార్డు సాక్షాత్తూ తన మొగుడే. టైమైందని పచ్చజెండా ఊపేశాడు. అమ్మకి దక్కింది ఆఖరి పెట్టె వెనకభాగం. అమ్మ దీన్ని చుట్టాల ముందు ఎప్పుడూ నవ్వుతూ చెప్పేది. "నేను చూళ్ళేదు, చూస్తే ఆపనా?" అని ఆయన కూడా నవ్వేవారు. ఇవాళ గదిలో ఎవరూ నవ్వలేదు.

"నిజం చెప్పండి. ఆ రోజు నేను పరిగెత్తుకొస్తుంటే మీరు చూశారు కదూ?"

"అమ్మా, ఇప్పుడెందుకు..." అంది కూతురు.

"నువ్వుండవే. ఏమండీ, మిమ్మల్నే."

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"చూశాను" అన్నారు. "వంతెన మెట్లు దిగుతున్నావు. చేతిలో ఏదో పొట్లం ఉంది. టైమైంది. ఊపేశాను."

"అక్కకిష్టమని జామపళ్ళు తెచ్చానండీ" అంది అమ్మ. అంతే, గబగబా స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కూతురు ఏం చెయ్యాలో తోచక బయటికి నడిచి, సంచీ మర్చిపోయి వెనక్కొచ్చింది. తలుపు సందులోంచి నాన్న కనిపించారు. బల్ల మీది అమ్మ చేతి గడియారం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, చిన్న మర జాగ్రత్తగా తిప్పుతున్నారు. "ఇంత జరిగాక కూడా ఆ ఇరవై నిమిషాలు వదల్లేదు ఈయన!" అని కూతురికి ఒళ్ళు మండిపోయింది.

దిగేముందు అమ్మతో ఒకే మాట చెప్పింది. "ఊరి టైము ఓడ టైము కన్నా గంట ముందుంటుంది. నా ఫోన్ ఒకసారి ఇదీ, ఒకసారి అదీ చూపిస్తూ గంతులేస్తోంది. దాన్ని నమ్మొద్దు. మనకి ఓడ టైమంటే నీ చేతి గడియారమే."

కొండ మీద బస్సు దిగి మలుపు తిరగగానే, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దమ్మ కనిపించింది. పొద్దున్నించీ అక్కడే ఉందట. అమ్మ నడక ఆగి పరుగైంది. ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని ఏడుస్తూనే పోట్లాట మొదలుపెట్టారు.

"ఏంటే బుజ్జీ, ఇంత ముసలిదానివైపోయావు?"

"నువ్వేమన్నా పడుచుదానివా? పళ్ళేవి?"

"లోపల గ్లాసులో ఉన్నాయి. పద, పెట్టుకుని నవ్వుతాను."

తిన్నారు, పాత ఫొటోలు చూశారు, చచ్చిపోయినవాళ్ళని తలుచుకున్నారు, బతికున్నవాళ్ళని ఆడిపోసుకున్నారు. ఇద్దరూ ఒకే పదానికి ఒకేసారి పడీపడీ నవ్వుతుంటే కూతురికి తన అమ్మ చిన్నపిల్లగా ఎలా ఉండేదో మొదటిసారి తెలిసింది. గడియారం మూడు చూపించగానే అమ్మ ఉలిక్కిపడి లేచింది.

"కూర్చోమ్మా. అది నాన్న గడియారం. పొద్దున్న తిప్పడం నా కళ్ళతో చూశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది."

"బతికించావు" అని అమ్మ మళ్ళీ అక్క పక్కన చతికిలబడింది. ఆ కాసేపట్లో పెద్దమ్మ చెల్లెలి తల విప్పి, చిన్నప్పటిలాగే రెండు జడలు అల్లింది. వచ్చేటప్పుడు, "ఓడ కదిలాక, మావాళ్ళ చేత కుర్చీతో సహా మేడ ఎక్కించుకుని ఎర్ర దుప్పటి ఊపుతానే. డెక్కు మీంచి చూడు" అంది.

టాక్సీ కొండ దిగి రేవు దారిలోకి తిరిగి ఆగిపోయింది. ముందంతా ఓడవాళ్ళ బస్సులే, ఊరు చూసి అన్నీ ఒక్కసారే తిరిగొస్తున్నాయి. బస్సుల దారులు చూసే మనిషికి ఈ మాత్రం తట్టనందుకు కూతురు నెత్తి మీద మొట్టికాయ వేసుకుంది. పోనీలే, టైముంది కదా అనుకుంటుండగా డ్రైవరు ముందున్న గడియారం కంట్లో పడింది. అయిదుకి పది నిమిషాలు తక్కువ. అది ఊరి టైము. గంట తీసేస్తే నాలుగుకి పది తక్కువ. అమ్మ చెయ్యి లాగి చూసింది. నాలుగుకి పది తక్కువే!

"అమ్మా, నీ గడియారం సరిగ్గా ఉంది!"

"మరి ఇరవై నిమిషాలు?"

"నాన్న తీసేశారు! పొద్దున్న తిప్పింది ముందుకి కాదు, వెనక్కి! నువ్వు పెద్దమ్మ దగ్గర తీరిగ్గా ఉండాలని తీసేశారమ్మా. అది తెలీక నేను మళ్ళీ తీసేశాను!"

అమ్మ గడియారాన్ని కొరకొరా చూసి, "ఈ మనిషి ఉన్నాడే! మంచిపనైనా చెప్పి చెయ్యడు!" అంది. టాక్సీ తలుపు ముందు తీసింది అమ్మే.

పరిగెత్తారు. బస్సుల మధ్యనుంచి, తాళ్ళ చుట్టలు దాటుకుంటూ. రెండు జడలూ వీపు మీద ఎగురుతుంటే అమ్మ ఆయాసపడుతూనే నవ్వుతోంది. "ఈసారి అందుకోకపోతే నా పేరు మార్చుకుంటానే" అంటోంది. ఓడ పెద్దగా కూత పెట్టింది. కూతురికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఓడ నిచ్చెన దగ్గర, నేల మీద, పెట్టె పక్కన పెట్టుకుని గార్డుగారు నిలబడి ఉన్నారు. భుజాన అమ్మ మందుల సంచీ. గళ్ళచొక్కా జేబులోంచి ముగ్గురి పాస్‌పోర్టులు బయటికి కనిపిస్తున్నాయి. నిచ్చెన ఎత్తడానికి వచ్చిన ఆఫీసరు ఎక్కమని బతిమాలుతున్నాడు. ఈయన తల అడ్డంగా ఊపుతున్నారు.

వీళ్ళని చూడగానే ఆయన రెండు చేతులూ నిటారుగా పైకి లేచాయి. చేతిలో జెండా లేనప్పుడు బండి ఆపమని గార్డు ఇచ్చే సైగ అది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఒక్కసారి కూడా ఎత్తని చేతులు. ఆఫీసరుకి ఆ సైగ అర్థం కాలేదు గానీ ఆ ముసలాయన కళ్ళు చూశాడు, పరిగెత్తుకొస్తున్న రెండు జడల ముసలావిణ్ణి చూశాడు, నవ్వి పక్కకి తప్పుకున్నాడు.

నిచ్చెన వాళ్ళ వెనకే లేచింది. డెక్కు మీద రెయిలింగు పట్టుకుని రొప్పుతూ అమ్మ అడిగింది.

"పెట్టెతో సహా దిగిపోయారేంటండీ?"

"గడియారం సరిచేశాను గానీ మీకు చెప్పలేదని మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇది ఇరవై తీసేస్తుందని నాకు తెలీదూ?" అన్నారు కూతురి వైపు చూసి. "ఓడ ఆపమని ఏ మొహం పెట్టుకుని అడగను? అందుకని దిగాను." ఆయన పెట్టె పిడి సవరించారు. "ఆ రోజు నిన్ను ప్లాట్‌ఫారం మీద వదిలేసి పోయాను. ఈసారి నువ్వు ఉండిపోతే నేనూ ఉండిపోదామని."

అమ్మ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని మొహం తుడుచుకుంది. కూతురు అటు తిరిగి ఏడ్చింది.

ఓడ కదిలింది. కొండ మీద పసుప్పచ్చ మేడల్లో ఒకదాని మీద ఎర్రగా ఏదో ఊగింది.

"అక్క! అదిగో అక్క!" అని అమ్మ అరిచి చెయ్యి ఊపింది. "ఇంత దూరం నా చెయ్యి కనబడుతుందంటారా?"

గార్డుగారు ఆవిడ భుజం మీది ఆకుపచ్చ శాలువా లాక్కుని, రెండు చేతులతో పట్టుకుని, రెయిలింగు బయటికి వంగి ఊపసాగారు. మామూలుగా కాదు, ఒళ్ళంతా ఊగిపోయేలా.

అమ్మ చేతి గడియారం విప్పింది. "ఇదిగో, ఆ ఇరవై నిమిషాలూ మళ్ళీ ముందుకు పెట్టెయ్యండి. మీ మంచితనం తట్టుకోవడం మా వల్ల కాదు."

"ఆగవే" అన్నారు గార్డుగారు, కొండ మీంచి కళ్ళు తిప్పకుండా. "ఆవిడ ఇంకా ఊపుతోంది."