రెండో పెట్టె ఎందుకు లేవలేదు?

"పవర్ బోర్డు ఆపింది నువ్వేనా?"

"టెస్టు కదా, ఆపాను. నీ రెండో పెట్టె నిద్ర లేవకపోతే నాదా తప్పు?"

ఆసుపత్రి సర్వర్ గదిలో ఫ్యాన్ల హోరును మించి అరుచుకుంటున్నారిద్దరూ. ఆమె అక్కడి నెట్‌వర్క్ ఇంజనీరు. అతను ఫైర్‌వాల్‌లు, అంటే నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఈ పెట్టెలు, అమ్మిన కంపెనీవాడు. ఒక ఫైర్‌వాల్ ఆగితే పక్కది క్షణాల్లో పని అందుకోవాలి. అందుకోలేదు. గంటలో డైరెక్టర్ వస్తాడు. ఆయన ముందూ ఇదే జరిగితే, రెండేళ్లుగా ఆమె కాపాడిన ఈ గది బయటివాళ్ల చేతికి పోతుంది.

"నా సెట్టింగ్స్‌లో తప్పు లేదు."

"అందరూ అదే అంటారు మేడమ్."

"ఇంకోసారి మేడమ్ అన్నావంటే కేబుల్‌తో కొడతా!"

అతను నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె కోపం సగం జారిపోయింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకుని, పెట్టెల్లో జరిగిందంతా క్షణాలతో సహా నమోదయ్యే లాగ్ తెరిచింది.

"చూడు. మొదటిది ఆగిన క్షణంలోనే రెండోదానికీ నెట్‌వర్క్ లైన్ పోయింది. తానూ పనికిరాననుకుని ఊరుకుంది."

ఆమె నాన్న ఇదే ఆసుపత్రిలో ఎలక్ట్రీషియన్. 'ముందు ప్లగ్ చూడమ్మా' అంటుంటాడు. నేల మీద కూర్చుని వైరు వెంట వేలు పోనిచ్చింది. రెండో ఫైర్‌వాల్‌కి నెట్‌వర్క్ లైన్ ఇచ్చే చిన్న స్విచ్ పెట్టె ప్లగ్, మొదటిదాని పవర్ బోర్డులో ఉంది!

"నేను దీన్ని రెండో బోర్డులో పెట్టాను. ఎవడు మార్చాడు?"

అతను వంగి ప్లగ్ చూశాడు. "నేనే. పోయిన నెల, లాప్‌టాప్ చార్జింగ్ కోసం."

డైరెక్టర్ వచ్చేసరికి ప్లగ్ తన చోటికి చేరింది. ఈసారి బోర్డు ఆపింది, ఆమె పిలిపించిన నాన్న. ఒకటి, రెండు, మూడు... రెండో పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది.

"శభాష్!" అన్నాడు డైరెక్టర్.

"సార్, ఇందాక టెస్టు ఫెయిలైంది నా వల్ల" అన్నాడతను. "కనిపెట్టింది ఈవిడ."

డైరెక్టర్ అతన్ని ఎగాదిగా చూసి, ఆమె చేతికే గది తాళంచెవి ఇచ్చి వెళ్లాడు. నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఎందుకు చెప్పావ్? నీ ఉద్యోగానికే ముప్పు కదా!"

"నువ్వు తల దించుకుంటే చూడలేను. అసలు పని లేకున్నా ఇక్కడికి ఎందుకొస్తున్నానో తెలీదా?"

"గది రిజిస్టర్ చూశాలే. పదకొండుసార్లు వచ్చావ్."

"లెక్కపెట్టావా!"

ఆమె బుగ్గలు కందాయి. గుమ్మంలో నాన్న దగ్గాడు.

"తప్పు ఒప్పుకునేవాడు నాకు నచ్చాడు. కానీ అమ్మాయ్, మనింట్లో మాత్రం ఇతని చార్జర్ ఎక్కడ పెట్టాలో నువ్వే చూపించు."