సెలూన్ ముందు గులాబీ మోడు

"ఎవరు చేశారీ పని?"

సెలూన్ కుర్రాడి కేక వీధి చివరిదాకా వినిపించింది. స్నేహితుడి పెళ్ళి నుంచి అప్పుడే తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు బోర్డు మీదికి ఎగబాకి ఉన్న గులాబీ పొద, ఇప్పుడు మోకాలెత్తు మోళ్ళయి నిలబడింది. పోయిన నాన్న షాపు తెరిచిన రోజున నాటిన మొక్క. దాని పేరు మీదే అందరూ దీన్ని గులాబీ సెలూన్ అంటారు.

"నేనే," అంది ఒకమ్మాయి, కోసిన కొమ్మల్ని మోపు కడుతూ. వీధి మలుపులో ఈ ఏడే నర్సరీ పెట్టిన మనిషి.

"ఇది కత్తిరించడమా? తల తీసేశారు!"

"చలి తగ్గింది. చిగురు వేయకముందే ఎండు కొమ్మలూ, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలూ తీసేయాలి. మీరు రోజూ చేసే పనేగా?"

"నా దగ్గరికొచ్చినవాళ్ళు అద్దంలో చూసుకుని నవ్వుకుంటూ వెళ్తారండీ!"

"దీనికీ ఓ అద్దం పెట్టండి. చిగురేశాక అదీ నవ్వుతుంది." సెలూన్‌ని ఆనుకున్న ఇంటి కిటికీ వైపు చూపించింది. "అయినా పిన్నిగారు రమ్మంటేనే వచ్చాను."

"పిన్ని కాదమ్మా, అత్తయ్యా అను," అంది కిటికీలోంచి కుర్రాడి తల్లి.

కోపంలో ఉన్న కొడుక్కి ఆ సవరణ చెవికెక్కలేదు.

సెలూన్ కుర్చీలో కూర్చున్నవాడికి కదిలే వీలుండదు, చెప్పింది వినక తప్పదు. నురగ పూసిన ప్రతి చెంపకీ ఆ గులాబీ హత్య కథ చెప్పాడు కుర్రాడు. ఆ చెంపలు ఇళ్ళకెళ్ళి భార్యలకి చెప్పాయి. పెరటి మొక్కలు కోయించుకుందామనుకున్న ఆడవాళ్ళంతా, "సెలూన్ మోడు పూయనీ, అప్పుడు చూద్దాం," అని వెనక్కి తగ్గారు. కత్తిరింపుల కాలంలోనే నర్సరీకి గిరాకీ పడిపోయింది. ఆ మోడు పూస్తే నర్సరీ నిలబడుతుంది. లేదంటే, మొదటి వసంతానికే తలుపులు మూసుకోవాలి.

కొన్నాళ్ళకి, సన్నగా జల్లు పడుతున్న ఉదయాన, మోడు మొదట్లో పచ్చటి పిలకలు జానెడెత్తున కనిపించాయి. కుర్రాడు కోపం మరిచి నర్సరీకి పరుగెత్తాడు.

"బతికిందండీ! రండి, రండి!"

ఆమె నవ్వుతూ వచ్చింది. వంగి చూసింది. నవ్వు పోయింది. ఒక్కో పిలకనీ పట్టి చరచరా పీకేసింది.

"అయ్యయ్యో! పసిబిడ్డలండీ అవి!"

"మీ బిడ్డలు కాదు. ఇది అంటు మొక్క. ఈ బుడిపె చూశారా, అంటు కట్టిన చోటు. దీని కిందనుంచి వచ్చేది అడవి గులాబీ. మీ గులాబీ నోటికాడి కూడు అది లాక్కుంటుంది."

"పైన ఏముందని? ఎండుపుల్లలు!"

ఆమె పీకిన పిలకల్ని ఏరుకుని లేచింది. ముఖం మీద తడి జల్లుదేనా అన్న అనుమానం కుర్రాడి గుండెలో ముల్లులా దిగింది.

అయినా గోడవారగా ఆమె చూడని పిలక ఇంకొకటి ఉంది. దానికి అడ్డంగా బల్ల లాగాడు. అది ఏపుగా పెరిగింది. పైన మోళ్ళ మీద చిగురు పుట్టాల్సిన ఎర్రటి కళ్ళు మాత్రం ఆవగింజంతలోనే ఆగిపోయాయి.

"ఆ పిల్ల నర్సరీ ఖాళీ చేసేస్తుందట్రా," అంది తల్లి ఒకరోజు, అన్నం వడ్డిస్తూ.

కుర్రాడు కంచం పక్కకి నెట్టాడు. లేచి వెళ్ళి బల్ల జరిపాడు. తన చేత్తోనే పిలకని వేరుతో సహా లాగి, దొంగ సొత్తు అప్పగించేవాడిలా నర్సరీకి పట్టుకెళ్ళాడు.

"ఒకటి దాచానండీ."

"తెలుసు. బల్ల వెనకనుంచి తొంగి చూస్తూనే ఉందిగా."

"మరి పీకలేదేం?"

ఆమె కుండీలో మట్టి సర్దింది. "భయమేసింది. అంత ముసలి మొక్కని నేనెప్పుడూ కోయలేదు. పైది మేలుకోకపోతే, మీకు ఆ పచ్చదనమైనా మిగులుతుందని..."

కుర్రాడు పిలకని ఆమె కుండీ పక్కన పెట్టాడు.

"నర్సరీ మూయకండి," అన్నాడు. "అది పూసినా పూయకపోయినా, చెడుగా చెప్పిన ప్రతి చెంపకీ మళ్ళీ మంచిగా చెప్తాను."

"గడ్డం పెరిగేదాకా ఆగాలేమో!"

అన్నట్టే చెప్పాడు. "నాదే తప్పండీ, ఆవిడకి పని తెలుసు," అంటూ ఒక్కో గడ్డం గీశాడు. ఆలోగా ఎర్రటి కళ్ళు విచ్చాయి. చిగుళ్ళు కొమ్మలయ్యాయి. ఒక ఉదయం తలుపు తీసేసరికి సెలూన్ ముందంతా గులాబీలే. పిడికిలంత పూలు!

"మీ నాన్న ఉన్నప్పుడు కూడా ఇంత పూయలేదురా," అంది తల్లి, కళ్ళు తుడుచుకుంటూ.

మధ్యాహ్నానికి నర్సరీ ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. "మా మొక్కకి కూడా తల తీయమ్మా!" అని ఒకటే గోల. వాళ్ళని దాటుకుని, మట్టి చేతులతోనే వచ్చింది ఆమె పూలు చూడటానికి.

పోస్టుమాస్టరు గారి గడ్డం సగంలో వదిలేసి బయటికొచ్చాడు కుర్రాడు.

"వచ్చే ఏడు దీన్ని ఎవరు కోస్తారు?"

"పిలిస్తే వస్తాను."

"పిలిచి రప్పించుకోవడం కాదండీ. మీరు ఈ ఇంట్లోనే ఉంటే..."

ఆమె చెవులు గులాబీలకంటే ఎర్రబడ్డాయి. "ఉంటే నాకు తోచినంత కిందికి కోస్తాను. అరవకూడదు."

"కావాలంటే నా జుట్టు కూడా కోసుకోండి."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "విన్నారుగా అత్తయ్యా? మీరే సాక్షి!"

"ఎన్నాళ్ళకి సరిగ్గా పిలిచావే!" అంటూ తల్లి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

లోపల కుర్చీలోంచి, ఒక చెంప మీద నురగ ఎండిపోయిన పోస్టుమాస్టరు గారి గొంతు వినిపించింది.

"నేనూ సాక్షినే బాబూ! ఇక ఈ రెండో చెంపకి కూడా ఆ శుభవార్త చెప్పు!"