మూడుసార్లు ఆరిన హీటర్

1996 జనవరి 18, గురువారం. ఉదయం 6.10.

గల్ఫ్‌లో మనామా నగరం. జింజ్ పేటలో ఒక విల్లా. వంటింటి వెనక పనిమనిషి గది. మంచం మీద నరసాయమ్మ దుప్పటి మెడదాకా కప్పుకుని నిద్రపోతున్నట్టే ఉంది. ఇంకా టీ పెట్టలేదేమని లేపడానికొచ్చిన ఇంటావిడ భుజం మీద చెయ్యి వేసి, కెవ్వున అరిచింది.

గదిలో గ్యాస్ హీటర్ ఇంకా మండుతూనే ఉంది.

6.45కి పోలీసులు వచ్చారు. 7.20కి డాక్టర్ వచ్చాడు. బుగ్గల ఎరుపు చూసి ఒకటే మాట అన్నాడు. "కార్బన్ మోనాక్సైడ్."

8.30కి హీటర్ మెకానిక్ ముత్తన్నను లేబర్ క్యాంపులో డ్యూటీ బస్సు ఎక్కుతుండగా పట్టుకున్నారు. ఆ హీటర్‌ను చివరిసారి ముట్టుకున్నది వాడే. ముందురోజు సాయంత్రం నాలుగింటికి.

సోమరాజు 11 గంటలకు స్టేషన్‌కి చేరాడు. ఒకప్పుడు రాజమండ్రి క్రైం బ్రాంచిలో హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు ముత్తన్న పనిచేసే మెయింటెనెన్స్ కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసర్. తెలుగువాడి మీద కేసు పడితే దుబాసీగా ఆయన్నే పిలుస్తారు. దుబాసీ పని ముగిశాక కూడా ఆయన ప్రశ్నలు ఆపడు. అది పాత జబ్బు.

పోలీసు లెఫ్టినెంట్ బల్లమీద రాగి తీగ ముక్క ఒకటి పెట్టాడు. "హీటర్ లోపల దొరికింది. మంట ఆరితే గ్యాస్ ఆపే సేఫ్టీ వాల్వు మూసుకోకుండా కట్టేశారు. పొరపాటున అయితే దేశం నుంచి పంపేస్తారు. కావాలని అయితే జైలు. ఏళ్లు."

ముత్తన్న జగిత్యాల పక్క పల్లె మనిషి. ఏసీలు బిగించడం, హీటర్లు బాగుచెయ్యడం పని. బెంచీ అంచున కూర్చున్నాడు.

"తీగ నువ్వే కట్టావా?"

"నేనే కట్టిన సార్."

"ఎందుకు?"

"ఊకె ఆరిపోతున్నది సార్. అంటుపెడ్తే అద్దగంట సుత మండదు."

"ఎన్నిసార్లు కంప్లైంట్ వచ్చింది?"

"మూడుసార్లు. ఏడో తారీకు, పదకొండు, నిన్న. తొలిసారి జెట్‌ల మసి ఉందేమోనని పిన్నుతోని సాఫ్ జేసిన. రెండోసారి థర్మోకపుల్ కొత్తది ఏసిన. నిన్న రెగ్యులేటర్ మార్చిన. అయినా ఆరవట్టె. అక్క చలికి గజగజ వణుకుతాంది. ఏంజేయాలె సార్? కట్టిన."

"అక్కా?"

"నరసాయమ్మక్క. నన్ను తమ్ముడనేది."

ఇలాంటి తీగలు మనామా అంతా ఉంటాయని సోమరాజుకు తెలుసు. ఫోర్‌మన్ 'యల్లా, త్వరగా' అంటాడు, కుర్రాళ్లు కట్టేస్తారు. తప్పే. కానీ హత్య కాదు. దాన్ని రుజువు చెయ్యాలి. ఎలా?

మధ్యాహ్నం 1.15కి ఆయన జింజ్ విల్లాలో ఉన్నాడు. ఇంటావిడ ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"హీటర్ ఎప్పుడు కొన్నారు మేడమ్?"

"రెండు చలికాలాల కిందట."

"అప్పుడు ఆరేదా?"

"ఒక్కసారి కూడా ఆరలేదు. ఈ నెలలోనే మొదలైంది."

"ఈ నెలలో గదిలో ఏమైనా మార్చారా?"

"నేనేం మార్చలేదు. నరసాయమ్మ హీటర్ మీద ఎండు చేపలు కాల్చుకునేది. ఆ వాసన గోడ కంతలోంచి మజ్లిస్‌లోకి, అతిథుల ముందుకు వచ్చేది. మళ్లీ వాసన వస్తే ఇంటికి పంపేస్తానన్నాను. నాలుగో తారీకున అన్నాను. ఆ తర్వాత వాసన రాలేదు. మానేసిందనుకున్నాను."

సోమరాజు గదిలోకి వెళ్లాడు. ఎనిమిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. కిటికీ లేదు. మంచం కింద అట్టపెట్టెలో ఎండు చేపల పొట్లం ఉంది. మానలేదన్నమాట. మరి వాసన ఎటు పోయింది?

ఆయన కుర్చీ ఎక్కి గోడలు తడుముతూ వచ్చాడు. పైకప్పు దగ్గర గోడ జానెడు మేర మరీ నున్నగా ఉంది. పెయింట్ కొత్తది. గోరుతో గీకితే మెత్తగా దిగింది. స్పాంజి. చుట్టూ సిలికాన్. పైన తెల్లరంగు. పొద్దున వచ్చిన పోలీసులకు అక్కడొక కంత ఉండేదనే తెలియలేదు. అంత శుభ్రమైన పని.

అది ఏసీలు బిగించేవాడి పని.

సోమరాజు స్పాంజిని ఊడలాగి, కుర్చీ మీద నుంచి దిగి మంచం పట్టెమీద కూలబడ్డాడు. ముత్తన్నను కాపాడదామని వచ్చాడు. వేళ్ల సందున దొరికింది ముత్తన్నే. ఈ ముక్కను దారిలో సముద్రంలోకి విసిరేస్తే ఎవరికి తెలుస్తుంది? ఏడుపొచ్చింది. చివరికి స్పాంజిని ప్లాస్టిక్ సంచీలో వేసుకున్నాడు.

సాయంత్రం 5.20. మగ్రిబ్ అజాన్ అయిపోయింది. స్టేషన్‌లో లెఫ్టినెంట్, ఇంటావిడ, ముత్తన్న.

"హీటర్‌కు ఏ జబ్బూ లేదు," అన్నాడు సోమరాజు. "గదిలో గాలి తగ్గితే దాని చిన్న పైలట్ మంట తనంతట తానే ఆరిపోతుంది. అలాగే తయారుచేశారు. రెండేళ్లు ఆరలేదు. ఈ నెల ఏడున ఆరింది. ముత్తన్నా, గది కంత ఎప్పుడు మూశావు?"

ముత్తన్న తల ఎత్తాడు. "అయిదో తారీకు. శుక్రవారం. సుట్టీ ఉండె."

"ఎందుకు మూశావు?"

"మేడం ఇంటికి తోలుతనన్నదని అక్క ఏడ్చింది సార్. వాసన బయటికి వోకుంట జేస్త, రంది పడకు అన్న. అక్క ఖుషీ అయి నాలుగు చేపలు కట్టిచ్చింది."

"గాలి వచ్చే దారి అదొక్కటే ముత్తన్నా. అయిదున మూశావు, ఏడున హీటర్ ఆరింది. గాలి లేదని అది మూడుసార్లు చెప్పింది. నిన్న తీగ కట్టాక ఆరే వీలు లేక రాత్రంతా విషగాలి కక్కింది. మనం హీటర్ విప్పాం కానీ, గది చూడలేదు."

ముత్తన్న వేళ్ల మీద తారీకులు లెక్కపెట్టుకున్నాడు.

"గట్లయితే… నేనే సంపిన్నా సార్?"

ఇంటావిడ అబాయా కొంగుతో నోరు మూసుకుంది. 'ఇంటికి పంపేస్తానని అన్నది నేను కదా' అని ఆమె అరబ్బీలో గొణిగింది. లెఫ్టినెంట్ పెన్ను మూత పెట్టాడు. "కావాలని చేసింది కాదు. జైలు తప్పుతుంది, బహుశా."

ముత్తన్న ఆ మాట వినలేదు. గోడ గడియారం వంక చూస్తున్నాడు.

"సార్, ఇంకో అర్ర సుత మూసిన."

"ఏ గది?"

"జిదాఫ్స్‌ల. సత్యశ్రీ అని, అక్క వాళ్ల ఊరి పిల్ల, ఓ ఇంట్ల పనికుంటది. ఆమెకు సుత గట్లనే మూయమని అక్కనే జెప్పింది. మొన్న సోమవారం మూసిన. గీ యాళకు హీటర్ అంటు పెడ్తరు సార్!"

"అడ్రస్?"

"నాకేం ఎర్క సార్? దుకాన్లు సూస్కుంట పోత."

"ఫోన్ నంబర్?"

"లేదు."

"ఆ హీటర్‌కు కూడా తీగ కట్టావా?"

"యాది లేదు సార్. వారానికి పది జేస్త. ఏదానికి కట్టిన్నో, ఏదానికి కట్టలేదో…"

లెఫ్టినెంట్ లేచి నిలబడ్డాడు. ఖైదీని బయటికి తీసుకెళ్లాలంటే పైవాళ్ల సంతకం కావాలి. పైవాడు శుక్రవారం సెలవుకు ముందు, గురువారం సాయంత్రం ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. సంతకం కోసం ఆగకుండా లెఫ్టినెంట్ జీపు తాళాలు తీసుకున్నాడు.

5.41. జీపులో బేడీలతో ముత్తన్న. "సీదా సార్. గీ కోల్డ్ స్టోర్ దుకాన్ దగ్గర లెఫ్ట్. కాదు, కాదు, గిది కాదు!" రెండుసార్లు సందు తప్పాడు. మార్కెట్ దగ్గర బండ్లు అడుగు కదలడం లేదు. హారన్ కొట్టడం తప్ప ఎవరూ చెయ్యగలిగింది లేదు. సోమరాజు ఆ పిల్ల ఎలా ఉంటుందో ఊహించుకోకుండా ఉండాలని ప్రయత్నించి ఓడిపోయాడు.

6.12. ఆకుపచ్చ గేటు. ఇంట్లో దీపాలు లేవు. ఇంటివాళ్లు ఊరెళ్లినట్టున్నారు. లెఫ్టినెంట్ గేటు దూకి గడియ తీశాడు. వెనక గది తలుపు మీద గుద్దారు. చప్పుడు లేదు. మళ్లీ గుద్దారు. ముత్తన్న కాలితో తన్నాడు.

లోపల ఏదో గిన్నె కిందపడింది. తలుపు తెరుచుకుంది. రెండు స్వెట్టర్లు, పైన దుప్పటి. సత్యశ్రీ.

"ఇప్పుడా రావడం?" అంది ముత్తన్నను చూసి. "ఆ హీటరు నిన్నట్నుంచీ వెలగట్లేదు. ముట్టించిన పావుగంటకే ఆరిపోతంది. ముసుగెట్టి ముడుచుకు పడుకున్నాను. మనిషి చచ్చిపోయినా నీకు అక్కర్లేదా?"

ముత్తన్న లోపలికి దూరి మంచమెక్కి, బేడీలున్న చేతులతోనే గోడలోంచి స్పాంజిని పెళపెళా పీకేశాడు. చల్లగాలి లోపలికి కొట్టింది.

"అయ్యో అయ్యో, అదేంటి, తీసేత్తన్నావు? వాసనొత్తే మేడమ్ ఊరుకుంటదా?" అప్పుడు చూసింది బేడీలు. గొంతు తగ్గింది. "ముత్తన్నా… నిన్ను నరసాయమ్మ పిన్ని పంపిందా?"

"ఆఁ," అన్నాడు ముత్తన్న. "అక్కనే తోలింది."