లేదన్న కబురు

దుప్పటి మడతపెడుతూ తల్లి సగంలో ఆగిపోయింది. రెండో కొస పట్టుకుని నిలబడ్డ కూతురు, "ఏమైందమ్మా?" అంది.

"ఏం లేదే. ఊపిరి అందట్లేదు, అంతే."

"అంతేనా!" ఆమె దుప్పటి వదిలేసి తమ్ముడికి కేకేసింది. క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువని డాక్టరమ్మ ముందే చెప్పింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నాడి చూసింది, పిక్కలు నొక్కి చూసింది. "ముందు గడ్డ జాడ చూపే రక్తపరీక్ష చేద్దాం. క్యాన్సర్‌లో గడ్డ లేకపోయినా దాని అంకె తరచూ ఎక్కువే వస్తుంది. అప్పుడు స్కాన్ తప్పదు. తక్కువ వస్తే మాత్రం, ఈవిడ లక్షణాలను బట్టి, గడ్డ లేదని నమ్మొచ్చు."

వరండాలో అక్కాతమ్ముళ్ల మధ్య గొడవ రాజుకుంది.

"నేరుగా స్కాన్ చేయించమనక, ఆవిడ చెప్పినదానికల్లా తలూపుతావేంట్రా?"

"స్కాన్‌కి మళ్లీ సూది గుచ్చాలంటే అమ్మ చేతిలో నరమే దొరకట్లేదక్కా. చూశావా?"

"చూడక? రోజూ ఒళ్లు తుడిచేది ఎవరు, నీ పెళ్లామా?"

"దాని జోలికి రాకు. నీ పంతం కోసం అమ్మని పీడిస్తున్నావు."

"నువ్వేమో పీడ ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నావు!"

తమ్ముడి మొహం నల్లబడింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. "తక్కువే ఉంది. గడ్డ లేనట్టే. ఒంట్లో రక్తం తగ్గడం వల్ల ఆ ఆయాసం. రక్తం ఎక్కిస్తే తేలికపడుతుంది."

కూతురు ఒక్క పరుగున మంచం దగ్గరికి వెళ్లింది. "గడ్డ లేదంటమ్మా! స్కాన్ కూడా అక్కర్లేదు!"

తల్లి గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. సంతోషమనుకుని కూతురు వీపు నిమిరింది.

"అదైనా ఉంటే ఈపాటికి పోయేదాన్ని," అంది తల్లి.

కూతురి చెయ్యి ఆగిపోయింది.

"ఆ క్యాన్సర్ మందులు ఇక నావల్ల కాదే. తమ్ముడికి చెప్పాను. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. తట్టుకోలేవని."

గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. కూతురు తలెత్తలేకపోయింది.

"అన్ని మాటలన్నాను కదరా. అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"చెప్తే వినేదానివా?" అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

కూతురు తల్లివైపు తిరిగింది. జబ్బు మొదలైనప్పటినుంచీ ఏ మందు ఎప్పుడో చెప్పడమే గాని, నీకేం కావాలని ఆమె తల్లిని అడిగింది లేదు.

"రక్తం ఎక్కించమంటావా అమ్మా?"

తల్లి ఆలోచించింది. "ఎక్కించండి. ఊపిరాడితే మీతో నాలుగు మాటలు మాట్లాడతాను. ఆ మందులు మాత్రం వద్దు."

కూతురు మంచం అంచున కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాక, ఏడుస్తూనే 'సరే' అంది.